ఆరోగ్యచర్చ: రక్తనాళముల లోపొర, దానిని పరీక్షించు విధములు



ఇంటి గోడ పైకెంత తెల్లగా కనబడినను, లోపలి పూత చెమ్మగిల్లి రాలుచున్నచో ఆ గోడకు చిరకాలము బలముండదని మనమందర మెరుగుదుము. మన దేహమందలి రక్తనాళముల సంగతియు నిట్టిదే. గుండెజబ్బు, పక్షవాతము, మూత్రపిండముల వ్యాధి యని వేర్వేరు పేళ్లతో మనము పిలుచు రోగములలో పెక్కింటికి బీజము రక్తనాళముల లోపలి పొర చెడుటయందే కలదు. ఈ పొర చెడనారంభించిన పిమ్మట పెక్కేండ్లకుగాని రోగము పైకి కనబడదు. అట్లు కనబడువరకు వేచియుండక, తొలినాళ్లలోనే ఆ చెరుపును కనిపెట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు వైద్యులు 40 ఏండ్లకు పైగా సమాధానము వెదకుచున్నారు. వారు కనుగొనిన పరీక్షలెవ్వి, వానిలో గృహిణులకు పనికివచ్చున వెవ్వి, డబ్బు దండుగయగున వెవ్వి యను విషయమును ఈ మాసమున ముచ్చటించుకొందము.

ఈ పొర చేయు పని

గుండెనుండి బయలుదేరు పెద్ద ధమని మొదలు, వెండ్రుకకంటె సన్నని కేశనాళికల వరకు, ప్రతి రక్తనాళపు లోపలి వైపున జీవకణములు ఒకదాని ప్రక్క నొకటి చాపవలె పరచుకొనియున్నవి. ఈ పొర మందము ఒక్క కణము మాత్రమే. వైద్యులు దీనిని ఎండోథీలియ మందురు. పెద్ద నాళములకు దీని వెలుపల కండరపు పొరయు, మరియొక గట్టి పొరయు నుండును. కేశనాళికలకో, దాదాపు ఈ పొర తప్ప వేరు గోడయే లేదు.

గోదావరి, కృష్ణా కాలువల ప్రక్కన నివసించువారు లాకుల వద్ద కాపుండు లస్కరు నెరుగుదురు. నీటి యవసరమును కనిపెట్టి తలుపు లెత్తువాడును, దించువాడును అతడే. రక్తనాళములకు ఈ పొర అట్టి లస్కరు. మనము మెట్లెక్కునపుడు గాని, రుబ్బురోట పిండి రుబ్బునపుడు గాని కండరములకు రక్త మెక్కువగా కావలయును. రక్తము వేగముగా పోవుచు ఈ పొరను రాచుకొనును. ఆ రాపిడిని పొర గ్రహించి, నైట్రిక్ ఆక్సైడను వాయువును పుట్టించును. ఆ వాయువు వెలుపలి కండరపు పొరలోనికి పోయి దానిని సడలించును; నాళము వెడల్పగును. రక్తము నాళములో గడ్డకట్టకుండ చూచుట, తెల్లకణములు గోడ కంటుకొనకుండ చూచుట, ఏ పదార్థము రక్తమునుండి బయటికి పోవచ్చునో యేది పోరాదో యేర్పరచుట కూడ దీని పనులే.

పొగాకు, మధుమేహము, రక్తపుపోటు, రక్తమున మితిమీరిన చెడ్డక్రొవ్వు, వీనివలన ఈ పొర నీరసించును. అపుడు వెడల్పు కావలసిన వేళ నాళము వెడల్పు కాదు. క్రొవ్వు గోడలోనికి చొరబడి పేరుకొనును. రక్తపు గడ్డలు కట్టుట సులభమగును. ఇంత జరుగుచున్నను మనిషికి నొప్పి యుండదు, అలసట యుండదు.

ఇది తెలియవచ్చిన విధము

ఈ పొర వట్టి అస్తరు వంటిదనియే చాలకాలము తలచిరి. న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో పనిచేయుచుండిన రాబర్ట్ ఫర్చ్‌గాట్ అను శాస్త్రజ్ఞుడు కుందేళ్ల ధమనులనుండి తీసిన ముక్కలమీద మందుల గుణమును పరీక్షించుచుండెను. ఎసిటైల్‌కోలిన్ అను మందు వేసిన ఒకప్పుడు ముక్క బిగిసికొనును, ఒకప్పుడు సడలును. కారణ మేమని విచారింపగా, కోయునపుడు లోపొర రాచుకొని పోయిన ముక్కలు బిగిసికొనుచున్నవనియు, లోపొర చెక్కుచెదరని ముక్కలు సడలుచున్నవనియు తేలెను. నాళమును సడలించు పదార్థ మేదో ఆ పొరనుండియే పుట్టుచున్నదని ఆయనయు, జవాడ్‌స్కీ యను సహచరుడును 1980 లో ప్రకటించిరి. ఆ పదార్థము నైట్రిక్ ఆక్సైడేయని కొలది యేండ్లలో తేలినది. 1998 లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురికి వైద్యశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఇం దొక వింత కలదు. ఆ బహుమానమును నెలకొల్పిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ ధనము గడించినది నైట్రోగ్లిసరినుతో డైనమైటు చేసి. ఆయనకు గుండెజబ్బు రాగా, వైద్యులు మందుగా వ్రాసియిచ్చినదియు నా నైట్రోగ్లిసరినే. ఇది విధివిలాసము కాదా యని 1896 లో, తాను మరణించిన యేడే, ఆయన మిత్రునకు జాబు వ్రాసికొనెను. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను ఆ మందు నైట్రిక్ ఆక్సైడుగా మారి నాళములను సడలించుచున్నదని పెక్కేండ్ల తరువాత లోకమునకు చెప్పినవారిలో ఒకరికి ఆయన పేరిటి బహుమానమే దక్కినది.

గుండెలోనికి గొట్టము పంపి చేయు పరీక్ష

కుందేటి ధమనియందు కనబడినది మనుష్యుని గుండెలో కనబడునా? 1986 లో అమెరికాలోని బోస్టను వైద్యులు సన్నని గొట్టమును గుండె ధమనులలోనికి పంపి, ఎసిటైల్‌కోలినును కొలది కొలదిగా విడిచి చూచిరి. ఆరోగ్యవంతమైన నాళములు వెడల్పయ్యెను. క్రొవ్వు పట్టిన నాళములు వెడల్పగుటకు మారుగా ముడుచుకొనెను. లోపొర యారోగ్యమును గుండెలోనే చూచుట కిది సూటియైన మార్గము. కాని శరీరములోనికి గొట్టము పంపవలసిన పరీక్షను రోగము లేనివారికి చేయరాదు. గుండెనొప్పితో బాధపడువారికి, అవసరమును బట్టి, పెద్ద ఆసుపత్రులలో మాత్రమే చేయుదురు.

చేతి ధమనిని చూచు పరీక్ష

కత్తిగాటు లేకుండ చూచు విధమును 1992 లో లండనునందు డేవిడ్ సెలర్‌మేజర్ మొదలగువారు ప్రకటించిరి. దాని క్రమ మిట్లుండును. పరీక్షింపబడు వ్యక్తిని చల్లని, సద్దుమణగిన గదిలో పరుండబెట్టుదురు. గర్భిణులకు వాడు అల్ట్రాసౌండు వంటి యంత్రముతోనే మోచేతికి పైనున్న ధమని వెడల్పును కొలుతురు. పిమ్మట రక్తపుపోటు చూచునట్టి పట్టీని ముంజేతికి చుట్టి, గాలి నింపి, 5 నిమిషములు రక్తము పోకుండ బిగించి, ఒక్కసారిగా వదలుదురు. ఆగియున్న రక్తము ఏరువలె చేతిలోనికి పరుగిడును. ఆ రాపిడికి పొర మేలుకొని నైట్రిక్ ఆక్సైడును విడువవలెను. సుమా రొక నిమిషమునకు ధమని యెంత వెడల్పయినదో మరల కొలుతురు.

ఉదాహరణమునకు, ధమని మొదట 4 మిల్లీమీటర్లుండి తరువాత 4.28 అయినచో, నూటికి 7 పాళ్లు పెరిగినదన్నమాట. ఈ భేద మొక మిల్లీమీటరులో మూడవవంతుకూడ లేదని గమనింపుడు. కొంతసేపటికి నైట్రోగ్లిసరినును నాలుక క్రింద నుంచి మరల చూతురు. ఈ మందునకు పొర సాయముతో పనిలేదు. ఇది తిన్నగా కండరమునే సడలించును. మందునకు నాళము చక్కగా వెడల్పయి, రక్తప్రవాహమునకు మాత్రము కానిచో, కండరము మంచిదే, పొరయే చెడినదని నిశ్చయింతురు. ఈ న్యాయము ఎంత సులభమైనదో చూచితిరా!

ఈ పరీక్షవలన స్త్రీల విషయమున ఒక ముఖ్యమైన సంగతి తెలిసినది. పురుషులలో ఈ శక్తి 40 ఏండ్ల వరకు నిలిచి, పిదప క్రమముగా తగ్గుచున్నది. స్త్రీలలో 50 దాటువరకు నిలిచియుండి, ముట్లుడుగు కాలము తరువాత పురుషులకంటె వేగముగా తగ్గుచున్నది. దీనిని 1994 లో ప్రకటించిరి. గుండెజబ్బు మగవారి జబ్బని తలచి స్త్రీలు నిశ్చింతగా నుండుట ఎంత పొరపాటో దీనివలన తెలియగలదు. మనకు కొంత గడువు దొరకినదే కాని విముక్తి దొరకలేదు.

మరియొక సంగతి. తాము పొగ త్రాగకపోయినను, ఇతరులు విడిచిన పొగను దినమున కొక గంటకు తక్కువ కాకుండ మూడేండ్లు గాని అంతకుమించి గాని పీల్చిన యువతీయువకులలో ఈ పొర నీరసించియుండుట 1996 లో బయటపడినది. ఇంటి యజమాని చుట్టయో, సిగరెట్టో వసారాలో కాల్చినచో దాని ఫలమును లోపల నున్న బిడ్డలు కూడ అనుభవించుచున్నారు. ఈ మాట వారి చెవిని వేయుట మన ధర్మము.

వ్రేలి కొనలతో చేయు పరీక్ష

ఇంకొక విధమున రెండు చేతుల చూపుడువ్రేళ్లకు చిన్న తొడుగులు తొడిగి, నాడి కొట్టుకొనునప్పుడు వ్రేలి కొన యెంత ఉబ్బుచున్నదో యంత్రముతో వ్రాయింతురు. ఒక చేతిని 5 నిమిషములు బిగించి వదలి, రెండవ చేతితో పోల్తురు. ఇందు కొలుచువాని హస్తనైపుణ్యముతో అంతగా పని లేదు. అయినను ఇది పెద్ద ధమనిని కాక చిన్న నాళములను చూచునది. పై పరీక్షతో దీని ఫలిత మన్నివేళల సరిపోలదు. నాడి యల ఎంత వేగముగా పరుగిడుచున్నదో కొలిచి ధమనుల బిరుసుదనమును చెప్పు పరీక్ష మరియొకటి కలదు. అది గోడ గట్టిపడుటను చూచునుగాని లోపొరను తిన్నగా చూడదు. రెంటిని ఒకటిగా భ్రమింపరాదు.

వీనిని మనము చేయించుకొనవలెనా?

చేతి ధమని పరీక్ష శాస్త్రజ్ఞులకు మిక్కిలి యుపకరించినది. వంద మందిని ఒక పక్షమున, వంద మందిని మరియొక పక్షమున నిలిపి, ఏది మేలు ఏది కీడు అని తేల్చుటకు ఇది మంచి త్రాసు. కాని ఒక్క మనిషికి నీ ఆరోగ్య మిట్లున్నదని చెప్పుటకు ఆ త్రాసు చాలదు. కారణమేమన, అంతకుముందు భుజించిన భోజనము, త్రాగిన కాఫీ, గది వేడి, రాత్రి నిద్ర, స్త్రీలకు ఋతుదినములు, ఇవన్నియు ఆ కొలతను మార్చును. క్రొవ్వు నిండిన ఒక్క పూట భోజనముచేతనే కొన్ని గంటలపాటు ఈ శక్తి తగ్గుటను 1997 లో అమెరికాలో చూచిరి. మిల్లీమీటరులో మూడవవంతు కొలుచునపుడు కొలుచువాని చేయి కొంచెము కదలినను లెక్క తప్పును.

ఇట్టి కారణములచేత, రోగలక్షణములు లేనివారికి భవిష్యత్తున గుండెజబ్బు వచ్చునో రాదో చెప్పుటకై ఈ పరీక్ష చేయవలదని అమెరికా హృద్రోగ వైద్యసంఘములు 2010 లోనే సూచించినవి. కావున "మీ రక్తనాళముల వయస్సు చెప్పెదము" అను ప్రకటన చూచి, దాచుకొనిన డబ్బు నట్టి పరీక్షకు వెచ్చింప బనిలేదు. వైద్యుడే యొక నిర్దిష్టమైన కారణముతో చేయుమన్నచో అది వేరు మాట.

చవుకయైన సాక్షి

మరి మనకు దిక్కేమి? దిక్కు మూత్రపరీక్షలో కలదు. మూత్రపిండములందలి జల్లెడలకుగూడ ఇదే పొర యున్నది. ఆ పొరయు, దాని నానుకొనియున్న జల్లెడయు చక్కగా నున్నంతకాలము, రక్తమందలి ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి దాదాపుగా దిగదు. జల్లెడ చెడనారంభించిన కొంచెము కొంచెముగా దిగును. మూత్రములో ఒక గ్రాము క్రియాటినినుకు 30 మిల్లీగ్రాములు గాని, అంతకుమించి గాని ఆల్బుమిన్ మూడు నెలలు దాటినను కనబడుచుండిన, అది మూత్రపిండములకే కాక దేహమందంతటను నాళములు చెడుచున్నవనుటకు సూచన కావచ్చునని 1989 లో డెన్మార్కు వైద్యులు ప్రతిపాదించిరి. మధుమేహమును రక్తపుపోటును గలవారు ఏడాది కొకసారియైన ఈ పరీక్ష చేయించుకొనవలెను. జ్వరము, మూత్రమున చీము, ఋతుస్రావము ఉన్న దినములలో చేయించిన తప్పు ఫలితము వచ్చును గనుక మరియొక దినమున చేయించుట మేలు.

కన్ను మరియొక సాక్షి. దేహమును కోయకుండ రక్తనాళములను కంటితో చూడగల తావులలో కనుగ్రుడ్డు లోపలి తెర యొకటి. మధుమేహము గలవారిని కంటివైద్యుని కడకు ఏటేట పొమ్మనుట అద్దములకొరకు మాత్రమే కాదు.

గర్భిణుల విషయము

ఇది ప్రతి యిల్లాలును, అంతకంటె ప్రతి అత్తగారును తెలిసికొనవలసిన విషయము. గర్భము 20 వారములు దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90 గాని అంతకు మించి గాని పెరిగి, మూత్రమున మాంసకృత్తు పోవుట మొదలగు లక్షణములు కనబడు వ్యాధి యొకటి కలదు. అది ముదిరి మూర్ఛలు వచ్చినచో మనవారు గుర్రపువాత మందురు. ఈ వ్యాధిలో చెడునది తల్లి రక్తనాళముల లోపొరయేయని 1989 లో కొందరు వైద్యులు వాదించిరి. మాయనుండి మితిమీరి వెలువడు ఒక పదార్థము, ఆ పొరకు ప్రాణాధారమైన రసములను పట్టివేయుచున్నదని 2003 లో బోస్టనులో అనంత్ కరుమంచి మొదలగువారు కనుగొనిరి. ఆ పదార్థమును రక్తములో కొలుచు పరీక్ష నేడు పెద్ద ఆసుపత్రులలో కొన్నింట కలదు.

అయినను, మొదట కావలసినది రక్తపుపోటు పట్టీయు, మూత్రపరీక్షయు మాత్రమే. తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకలు క్రమ్ముట, పొట్ట పైభాగమున నొప్పి, ముఖమును చేతులును హఠాత్తుగా ఉబ్బుట, వీనిలో ఏది కనబడినను "గర్భిణులకు వాపు మామూలే" యని కాలయాపన చేయక, ఆ క్షణముననే ఆసుపత్రికి గొనిపోవలెను. ఇందు తల్లి ప్రాణము, బిడ్డ ప్రాణము రెండును గలవు. ముందు కానుపులో ఈ వ్యాధి వచ్చినవారు మరల గర్భము ధరించిన వెంటనే వైద్యునకు చెప్పవలెను. ఆయన తొలినెలలనుండి కొద్దిపాటి ఆస్పిరిన్ ఈయవచ్చును. దానిని సొంతముగా కొని వాడరాదు.

కానుపుతో కథ ముగియదు. ఈ వ్యాధి వచ్చిన స్త్రీలకు తరువాతి జీవితమున గుండెజబ్బు వచ్చుట ఇతరులకంటె సుమారు రెండింతలని 2007 లో పెక్కు పరిశోధనలను కూర్చి లెక్క కట్టిరి. ముప్పది యేండ్లనాటి కానుపు సంగతి గుండెవైద్యుడు అడుగకపోయినను, మనము చెప్పవలెను.

"మీ నాళములు శుభ్రముగా నున్నవి"

ఛాతీనొప్పితో వచ్చిన స్త్రీకి యాంజియోగ్రాము తీసి, పెద్ద ధమనులలో అడ్డు లేదని చూచి, "ఇది మనోవ్యాకులతయే" యని పంపివేయుట పలుచోట్ల జరుగుచున్నది. ఇంటిలోని వారును అంతటితో ఆమె మాట నమ్మరు. ఇట్టి స్త్రీలను గూర్చి అమెరికాలో 1996 లో ఆరంభమైన పెద్ద పరిశోధనలో, పెద్ద నాళములలో అడ్డు లేకయే నొప్పి పడువారిలో సుమారు సగము మందికి గుండె చిన్న నాళములు తగినట్లు వెడల్పు కాకుండుట కనబడినది. యాంజియోగ్రామునకు ఆ చిన్న నాళములు కనబడవు. ఇట్టివారికే పైన చెప్పిన గొట్టపు పరీక్ష ఉపయోగపడును. కావున నొప్పి మరల మరల వచ్చుచున్నచో, "అయ్యా, పెద్ద నాళములు మంచివైనవి సరే, చిన్న నాళముల సంగతి యేమి?" అని మర్యాదగా నడుగుటకు సంకోచింపవలదు. అది గొంతెమ్మ కోరిక కాదు.

చెడిన పొర మరల బాగగునా?

కొంతవరకు బాగగును. గుండె ధమనుల లోపొర చెడిన రోగులచేత 4 వారములపాటు నిత్యము వ్యాయామము చేయించి చూడగా, వారి నాళములు ముడుచుకొను దుర్గుణము బాగుగా తగ్గినదని 2000 లో జర్మనీ వైద్యులు చూపిరి. వేగముగా నడచునప్పుడు రక్తము పొరను రాచుచు దానికి పని కల్పించును. పనిచేయు లస్కరే మెలకువగా నుండును. ఇంటిపనియే చాలునని తలపక, దినమున కర్ధగంట వడిగా నడచుట మేలు. పొగను ఇంటినుండి వెళ్లగొట్టుట, ఉప్పు తగ్గించుట, కాచిన నూనెను మరల మరల కాచకుండుట, రక్తపుపోటు మందును బాగున్నదిగదా యని నడుమ మానకుండుట, ఇవి తక్కిన మందులు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట తెలివి కాదు గదా!

తుదకొక చిన్న పని చెప్పెదను. పాలు, పచారు, చాకలి లెక్కలు వ్రాయు పద్దుపుస్తకమున ఒక పుటను మీ పేరిట వేరుగా నుంచుడు. అందు మీ రక్తపుపోటు, రక్తమున చక్కెర, మూత్రమున ఆల్బుమిన్, పరీక్షించిన తేదీలతో సహా వ్రాయుడు. కానుపు సమయములలో పోటు పెరిగియుండిన ఆ సంవత్సరమును వ్రాయుడు. వైద్యుని కడకు పోవునపు డా పుటను చూపుడు. ఇంటివారందరి లెక్కలు వ్రాయు చేతికి తన లెక్క వ్రాసికొనుట భారము కాదు.